ఆగిన రోబో, ఆపిన రోబో: ఒక వెల్డింగ్ సెల్‌లో రోజువారీ తనిఖీపై కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి యాజమాన్యం ఒప్పుకుంది. ప్రమాదం తృటిలో తప్పించుకున్న ఆపరేటర్ కూడా ఒప్పుకున్నాడు. ఊరు, కంపెనీ, మనుషుల పేర్లు, తయారయ్యే వస్తువు వివరాలు తీసేశాను, తేదీలు కొంచెం అటూ ఇటూ చేశాను. రోబో సెల్‌లను తనిఖీ చేసి, ట్రైనింగ్ ఇచ్చే పని నాది. రోబో సెల్‌లో, అంటే కంచె లోపల రోబో నడిచే చోట, పనిచేసేవాళ్లు, చేయించేవాళ్లు ఇది చదవాలని నా కోరిక. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీలో రోజూ చెక్‌షీట్ నింపేవాళ్లు. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. అయినా అక్కడ ఒక మనిషి చావుకు జానెడు దూరంలోకి వెళ్లి వచ్చాడు.

నేపథ్యం

వరంగల్ నుంచి అరగంట దూరంలో ఉన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ అది. ట్రాక్టర్ వెనక తగిలించే పనిముట్లకు ఫ్రేములు చేస్తారు. వానాకాలం సాగు మొదలయ్యే ముందు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఊపిరి సలపనంత పని ఉంటుంది. చేతి వెల్డింగ్‌తో ఏళ్ల తరబడి నడిచిన ఆ షెడ్డులో నేను వెళ్లడానికి ఏడాదిన్నర ముందు ఒక ఆరు యాక్సిస్‌ల (ఆరు కీళ్ల దగ్గర తిరిగే) వెల్డింగ్ రోబోను పెట్టారు.

సెల్ చుట్టూ రెండు మీటర్ల ఎత్తు జాలీ కంచె ఉంది. లోపల రోబో, దాని ముందు తిరిగే టేబుల్, టేబుల్‌కు రెండు వైపులా ముక్కలను పట్టి ఉంచే ఫిక్చర్లు. ఒక వైపు రోబో వెల్డింగ్ చేస్తుంటే రెండో వైపు లోడర్ ముక్కలు పెట్టి క్లాంపులు బిగిస్తాడు. లోడర్ నిలబడే చోట కంచెకు బదులు లైట్ కర్టెన్ ఉంటుంది, అంటే ఏదైనా అడ్డం వస్తే యంత్రాన్ని ఆపే కాంతి కిరణాల తెర. రోబోను నడిపే కంట్రోలర్ పెట్టె పక్కన ముందు గేటు, మెయింటెనెన్స్ కోసం వెనక ఇంకో గేటు. గేటుకు బిగించిన ఉక్కు నాలుక స్విచ్‌లోకి దూరితేనే రోబో ఆటోలో నడుస్తుంది. ఎమర్జెన్సీ బటన్లు నాలుగు: పెండెంట్ (రోబోను నడిపించడానికి చేత్తో పట్టుకునే ప్యానెల్) మీద, కంట్రోలర్ మీద, లోడర్ ప్యానెల్ మీద, వెనక గేటు దగ్గర.

రెండు షిఫ్టులు. షిఫ్టుకు ఒక ఆపరేటర్, ఒక లోడర్. ఆపరేటర్లు ఇద్దరూ ఐటీఐ చదివినవాళ్లే. వాళ్లలో పెద్దాయన చేతి వెల్డింగ్‌లో ఇరవై ఏళ్లు పండినవాడు. ఫ్యాక్టరీ మొత్తానికి ఒక ఎలక్ట్రీషియన్, ఒక ఫిట్టర్. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

ఏం జరిగింది

మే నెల, రెండో షిఫ్టు, రాత్రి తొమ్మిది ప్రాంతం. రోబో చేతికున్న వెల్డింగ్ టార్చ్ కొనలో వైరు కాంటాక్ట్ టిప్‌కు (వైరు బయటికి వచ్చే ముక్కకు) అతుక్కుపోయింది. వెల్డింగ్ రోబో ఉన్న చోట ఇది రోజూ జరిగేదే. రోబో తన సైకిల్ ముగించి, లోడింగ్ అయిపోయిందన్న సిగ్నల్ కోసం కదలకుండా నిలబడి ఉంది. ఆపరేటర్ కటింగ్ ప్లయర్ పట్టుకుని వెనక గేటు తీసి లోపలికి వెళ్లాడు. ముందు వైపు లోడర్ క్లాంపులు బిగించడం పూర్తిచేసి, "అన్నా, తిప్పుతున్న" అని కేకేసి స్టార్ట్ నొక్కాడు. పక్కన గ్రైండర్ల మోతలో ఆ కేక వినపడలేదు. టేబుల్ తిరిగింది, రోబో కదిలింది. టార్చ్ అతని చొక్కా చేతిని చింపుకుంటూ భుజాన్ని తోసేసింది. అతను కంచె మీద పడ్డాడు. జారి పక్కకు పడ్డాడు కాబట్టి బతికాడు. ఒక అడుగు అటు నిలబడి ఉంటే ఫిక్చర్‌కు, రోబో చేతికి మధ్య నలిగిపోయేవాడు.

వెనక గేటు తీసినా రోబో ఎందుకు ఆగలేదు? ఆ రాత్రి ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు, ఎందుకంటే జవాబు అందరికీ తెలుసు. మర్నాడు చిరిగిన చొక్కా చూసి సూపర్‌వైజర్ నిలదీస్తే బయటపడింది. ఆ సాయంత్రమే యజమాని నాకు ఫోన్ చేశాడు. దాచకుండా పిలిచినందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది.

మొదటి రోజు

వెనక గేటు స్విచ్‌లో ఒక స్పేర్ నాలుక దూర్చి, ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. అసలు నాలుక గేటు మీద ఖాళీగా వేలాడుతోంది. గేటు తెరిచినా మూసినా కంట్రోలర్ లెక్కలో అది మూసే ఉంది.

చెక్‌షీట్లు తెప్పించుకుని చూశాను. 14 అంశాలు. ఆరోది "గేట్ ఇంటర్‌లాక్", అంటే గేటు తీస్తే రోబోను ఆపే ఆ స్విచ్. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా ప్రతి రోజూ, ప్రతి షిఫ్టులో టిక్ పడింది. మొదట నాకు కోపం వచ్చింది, చూడకుండానే టిక్ పెట్టారనుకున్నాను. అడిగితే తెలిసిందేమిటంటే, వాళ్లు నిజంగానే చూశారు. ప్యానెల్ మీద గేట్ లైటు పచ్చగా ఉందా అని చూడమని షీట్ చెప్పింది. పచ్చగానే ఉంది.

ఈ కేసులో నేను ఎక్కువ సేపు ఆలోచించింది ఇక్కడే. బాగున్న స్విచ్ గేటు తీసినప్పుడల్లా ఎర్రగా మారుతుంది. బైపాస్ చేసిన స్విచ్ ఎప్పటికీ పచ్చగానే ఉంటుంది. అంటే లైటు చూసి టిక్ పెట్టే పద్ధతిలో అన్నిటికంటే ప్రమాదకరమైన స్విచ్చే అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. లోపం ముదిరే కొద్దీ షీట్ ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది.

ఇంకో విషయం. ఆపరేటర్‌ను "లోపలికి ఎందుకు వెళ్లావు?" అని అడిగితే "ఆగి ఉంది గద సార్" అన్నాడు. అతను చెప్పింది నిజమే, రోబో ఆగి ఉంది. కానీ దాన్ని ఎవరూ ఆపలేదు. ఒక సిగ్నల్ కోసం ఎదురుచూస్తున్న రోబోకు, కరెంటు తీసి, తాళం వేసి ఆపిన రోబోకు బయటి నుంచి చూస్తే తేడా కనపడదు. 1979 జనవరి 25న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఫ్లాట్ రాక్ కాస్టింగ్ ప్లాంట్‌లో 25 ఏళ్ల కార్మికుడు ర్యాకు ఎక్కి చేత్తో ముక్కలు తీస్తుండగా రోబో చెయ్యి తగిలి చనిపోయాడు. రోబో వల్ల పోయిన మొదటి ప్రాణంగా దాన్ని చెప్తారు. నిలిచిన పనిని చేత్తో సరిచేద్దామని మనిషి దాని దారిలోకి వెళ్లడం అప్పటి నుంచీ ఉన్నదే. అందుకే "ఆగిన రోబో, ఆపిన రోబో" అనే మాటను ఆ రోజు నుంచి ప్రతి ట్రైనింగ్‌లో వాడుతున్నాను.

టేపు తీసేసి, సెల్‌కు తాళం వేయమన్నాను. సీజన్ మధ్యలో ఆ మాట అనడం తేలిక కాదు. యజమాని "ఒక్క గేటే కదా సార్, అటు ఎవరూ పోకుండా మనిషిని నిలబెడతా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకటి, నిలబడే మనిషి పది నిమిషాలకు ఫోను చూసుకుంటాడు. రెండు, ఒక బైపాస్ కనపడిందంటే ఇంకా ఎన్ని ఉన్నాయో అప్పటికి నాకు తెలియదు. కదిలే యంత్రాలకు రక్షణ కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే చెప్పారు. గేటు తీసినా నడిచే సెల్‌కు కంచె ఉన్నట్టు కాదు. రెండు రోజులు పాత పద్ధతిలో చేతి వెల్డింగ్ చేశారు, సెల్ మూసే ఉంచారు.

మొదట చేసినవి, ఫలించనివి

ఆ రెండు రోజుల్లో నేను 36 అంశాలతో కొత్త చెక్‌లిస్ట్ రాశాను. పాత షీట్‌లో లేనివి వదిలిపోతున్నాయి, కాబట్టి అన్నీ రాస్తే ఏదీ వదలదని నా ఆలోచన. కేబుళ్లు, బోల్టులు, గ్రీజు లీకు, గ్యాస్ పైపు, ఫ్యాన్ ఫిల్టర్, బటన్లు, అన్నీ పెట్టాను. రెండో వారంలో చెప్పకుండా వెళ్లి గేటు బయట నిలబడి టైమ్ చూశాను. నిజంగా చేస్తే నలభై నిమిషాలు పట్టే లిస్టు మూడు నిమిషాల్లో అయిపోయింది. ఫ్యాక్టరీ మూసి ఉన్న ఆదివారానికి కూడా టిక్కులు పడి ఉన్నాయి. ఆ తప్పు వాళ్లది కాదు, నాది. షిఫ్టు మొదలైన ఐదో నిమిషానికి మొదటి ఫ్రేము బయటికి రావాలని ఒక చేత్తో చెప్పి, ఇంకో చేత్తో నలభై నిమిషాల కాగితం ఇస్తే మనిషి ఏం చేస్తాడు?

తర్వాత యాజమాన్యం ఒక మెమో ఇచ్చింది: షీట్‌లో రాయని లోపం దొరికితే ఆ రోజు జీతం కోత. నేను వద్దని గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. అప్పటికి నెల కిందట ఒకతను "గ్యాస్ ఫ్లో తక్కువ" అని నిజాయితీగా రాస్తే "మరి నువ్వే ఎందుకు సరిచేయలేదు?" అని అందరి ముందు అడిగారట. దాని మీద ఈ మెమో. ఫలితంగా షీట్లు ఇంకా శుభ్రమయ్యాయి. లోపం రాస్తే మాట పడాలి, రాయకుండా దొరికిపోతే కోత. రెండిటి మధ్య, దొరకదులే అన్న ఆశే నయమని అందరికీ అనిపించింది.

మూడోది వాట్సాప్ గ్రూపు. ప్రతి అంశానికి ఫోటో తీసి పంపాలి. మొదటి వారం బాగా వచ్చాయి. తర్వాత ఒక ఫోటోలో కంట్రోలర్ మీద ఉన్న నీళ్ల సీసా ఐదు రోజుల పాటు అదే చోట, అదే మట్టంలో కనపడింది. పాత ఫోటోలే మళ్లీ పంపుతున్నారు. ఫోటో కూడా టిక్కులాంటిదే, ఆ క్షణంలో వస్తువు ఎలా కనపడుతోందో చెప్తుంది తప్ప అవసరమైనప్పుడు ఆపుతుందో లేదో చెప్పదు.

గేటు ఎందుకు ట్రిప్ అయ్యేది

మలుపు పెద్ద ఆపరేటర్‌తో టీ తాగుతూ మాట్లాడినప్పుడు వచ్చింది. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "సార్, లైటు పచ్చగుంటే సరే అని రాసుడే. అది పచ్చగుండేటట్టు చేసింది గూడ మేమే గద. ఊకె ట్రిప్ అయితుండె. షిఫ్టుకు నాలుగైదు సార్లు. చెప్తె రేపు జూస్తం, ఎల్లుండి జూస్తం అన్నరు."

ఫిబ్రవరిలో ఒక ఫోర్క్‌లిఫ్ట్ వెనక గేటు స్తంభాన్ని తాకింది. కింది ప్లేటు బోల్టులు వదులయ్యాయి. గేటు ఆరేడు మిల్లీమీటర్లు కుంగింది. నాలుక స్విచ్‌లోకి ఏటవాలుగా దూరుతోంది. పక్కన ప్రెస్ కొట్టినప్పుడల్లా ఆ అదురుకు కాంటాక్ట్ విడిపోయి, వెల్డింగ్ మధ్యలో రోబో నిలిచిపోయేది. అతుకు సగంలో తెగితే అక్కడ గుంట పడుతుంది, గ్రైండ్ చేసి మళ్లీ చేతితో నింపాలి. రోబోను హోమ్‌కు (అది మొదలయ్యే స్థానానికి) తెచ్చి మళ్లీ మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలు. ఉన్న ఒక్క ఫిట్టర్‌కు ప్రెస్ పని, షియర్ పని, కంప్రెసర్ పని. గేటు కుంగితే ఉత్పత్తి పూర్తిగా ఆగదు కాబట్టి ఆ పని వెనక్కి పోతూ వచ్చింది. చివరికి స్టోర్‌లో ఉన్న స్పేర్ నాలుక ఎవరికో కనపడింది.

దీన్ని నేను అలా చేసినవాడి బద్ధకంగా చూడలేను. రక్షణ పరికరం అకారణంగా పదే పదే పనిని ఆపుతుంటే, మనుషులు దాన్ని పక్కకు పెట్టే దారి వెతుక్కుంటారు. కాబట్టి చెక్‌లిస్ట్ కంటే ముందు గేటు సరిచేయాలి. స్తంభాన్ని కొత్త యాంకర్ బోల్టులతో మళ్లీ నిలబెట్టాం, కీళ్లు మార్చాం, దాని ముందు ఫోర్క్‌లిఫ్ట్ తాకకుండా పసుపు పైపు అడ్డం పెట్టాం. నాలుక స్విచ్‌కు బదులు కోడ్ ఉన్న నాన్-కాంటాక్ట్ స్విచ్ వేశాం. గేటు కొంచెం అటూ ఇటూ జరిగినా ట్రిప్ అవ్వదు. దాని జోడీ కాకుండా వేరే ముక్క పెడితే ఒప్పుకోదు. ముందు గేటుకూ అదే వేశాం. స్టోర్‌లో మిగిలిన స్పేర్ నాలుకలను గ్యాస్ కటింగ్‌తో కోయించాను.

ఇందులో ఇంకో లాభం ఉంది. చెక్ చేయడానికి షిఫ్టుకు పది నిమిషాలు కావాలని అడిగితే యజమాని "ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి?" అన్నాడు. టేపు తీశాక మళ్లీ మొదలైన ట్రిప్పుల వల్ల షిఫ్టుకు ఇరవై నిమిషాలు అప్పటికే పోతున్నాయని లాగ్ చూపించాను. గేటు బాగుపడ్డాక ఆ టైమ్ తిరిగి వచ్చింది, అందులో సగం చెక్‌కు ఇచ్చారు. ప్రొడక్షన్ ప్లాన్‌లోనే "చెక్ 10 ని." అని రాయించాను. ప్లాన్‌లో లేని పది నిమిషాలు ఎప్పటికీ దొరకవు.

ఏం పనిచేసింది

కొత్త లిస్టుకు రెండు జల్లెడలు పెట్టుకున్నాను. మొదటిది: ఒక్క రోజులో మారిపోయి, ఆ ఒక్క రోజులోనే మనిషికి హాని చేయగలిగేవి మాత్రమే రోజువారీ లిస్టులో ఉండాలి. గ్రీజు, బోల్టుల బిగింపు, కేబుల్ తొడుగు లాంటివి నెమ్మదిగా పాడవుతాయి, అవి వారానికి, నెలకు మెయింటెనెన్స్ లిస్టులోకి పోయాయి. ఎన్‌కోడర్ బ్యాటరీలు మార్చాల్సిన తేదీని కంట్రోలర్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాశాం. దసరాకు నాలుగైదు రోజులు మూసే ముందు బ్యాటరీ అలారం ఉందేమో తప్పకుండా చూడమన్నాం. మెయిన్ తీసి ఉన్నప్పుడు యాక్సిస్‌ల స్థానాన్ని గుర్తుపెట్టుకునేది ఆ బ్యాటరీలే. అవి సెలవుల్లో చచ్చిపోతే తిరిగొచ్చాక రోబోకు తన చెయ్యి ఎక్కడుందో తెలియదు. బ్యాటరీలను కంట్రోల్ పవర్ ఆన్‌లో ఉంచే మార్చాలని కూడా అక్కడే రాశాం.

రెండో జల్లెడ: ప్రతి అంశంలోనూ యంత్రాన్ని ఏదో ఒకటి చేయించి, అది ఆగిందని కళ్లతో చూడాలి. పచ్చ లైటు చూసి రాసే అంశం ఒక్కటి కూడా ఉండకూడదు. బైపాస్ చేసి ఉంటే ఆ పరీక్షలో అది తప్పనిసరిగా ఫెయిల్ అవ్వాలి.

అలా మిగిలినవి ఇవి.

ముందు గేటు తీయాలి, సర్వో (రోబో మోటార్లకు వెళ్లే పవర్) పోవాలి. గేటు మూయాలి, రోబో దానంతట అది కదలకూడదు. రీసెట్ నొక్కాలి, అప్పటికీ కదలకూడదు. స్టార్ట్ నొక్కితేనే కదలాలి. ఇదంతా అయ్యాక మాత్రమే వెనక గేటు. రెండు గేట్లనూ కలిపి ఒకేసారి తీసి చూసేద్దామంటే ఒప్పుకోలేదు. దానికి కారణముంది. రెండు స్విచ్‌లూ ఒకే సేఫ్టీ రిలేకి (స్విచ్‌ల సిగ్నల్ చూసి రోబోను ఆపే పరికరానికి) వరుసగా కలిపి ఉన్నాయి. ఒక్కో స్విచ్‌లో రెండు ఛానెళ్లు, అంటే రెండు విడి తీగల దారులు. ఒక స్విచ్‌లో ఒక ఛానెల్ పాడైతే, ఆ గేటును ఒక్కదాన్నే తీసినప్పుడు రిలే రెండు ఛానెళ్ల మధ్య తేడాను పట్టుకుంటుంది. అదే సమయంలో రెండో గేటు కూడా తీస్తే రెండు ఛానెళ్లూ తెగుతాయి, మూస్తే మళ్లీ కలుస్తాయి, లోపం కప్పబడిపోతుంది. ఈ బొమ్మను ఆపరేటర్లకు నేల మీద చాక్‌పీసుతో గీసి చూపించాను. కారణం తెలిసిన తర్వాత ఎవరూ షార్ట్‌కట్ అడగలేదు.

ఎమర్జెన్సీ బటన్లు నాలుగూ ఒక్కొక్కటిగా, రోబో హోమ్‌లో నిలబడి ఉన్నప్పుడే నొక్కాలి. మొదట్లో కుర్ర ఆపరేటర్ ఉత్సాహంగా, రోబో పూర్తి వేగంతో పోతుంటే నొక్కి చూపించాడు. అలా రోజూ చేస్తే బ్రేకులు, గేర్‌బాక్సులు త్వరగా అరుగుతాయి. బటన్ సర్వో పవర్‌ను తీస్తుందా లేదా అన్నదే ఇక్కడ మనకు కావాల్సింది, అది నిలబడి ఉన్నప్పుడూ తెలుస్తుంది.

పెండెంట్ వెనక ఉండే ఎనేబుల్ స్విచ్‌కు మూడు స్థానాలు. టీచ్ మోడ్‌లో (పెండెంట్‌తో చేత్తో నడిపే పద్ధతిలో), సెకనుకు 250 మిల్లీమీటర్ల లోపు వేగంతో నడిపిస్తూ, వదిలేస్తే ఆగాలి, గట్టిగా పిండేసినా ఆగాలి. రెండోది ఎందుకని అందరూ అడుగుతారు. భయపడ్డ మనిషి చెయ్యి వదలదు, ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. ఒక్క వదలడమే పరీక్షిస్తే అసలు ప్రమాదంలో పనికొచ్చే సగం పరీక్షించనట్టే.

లైట్ కర్టెన్‌కు 30 మిల్లీమీటర్ల టెస్ట్ రాడ్ ఒకటి తాడుతో అక్కడే వేలాడదీశాం. పైనుంచి కింది దాకా నెమ్మదిగా దింపాలి, మధ్యలో ఎక్కడా కర్టెన్ లైటు ఎర్ర నుంచి పచ్చకు మారకూడదు. దీంతో పాటు నేల మీది పసుపు గీతను చూడాలి. ఈ గీత వెనక లెక్క ఉంది. టేబుల్ ఆగడానికి, రిలే స్పందనకు కలిపి మా కొలతలో 0.25 సెకన్లు వచ్చింది. రక్షణ పరికరం ఎంత దూరంలో ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13855 సూత్రంలో చేతి వేగం సెకనుకు 2000 మి.మీ. చొప్పున 500, దానికి కర్టెన్ రిజల్యూషన్ (అది గుర్తించగల అతి చిన్న వస్తువు మందం) కోసం 8 × (30 − 14) = 128 కలిపితే 628 మి.మీ. ఇది 500 దాటింది కాబట్టి నడక వేగం 1600తో మళ్లీ లెక్కవేయవచ్చు: 400 + 128 = 528. అంటే కర్టెన్‌కు, ప్రమాదకరమైన చోటికి మధ్య కనీసం 528 మి.మీ. ఉండాలి. టేపు పెట్టి కొలిస్తే 470 ఉంది. ప్యాలెట్ ట్రక్కు తగిలి ఎప్పుడో కర్టెన్ స్తంభం లోపలికి జరిగింది. పాత 14 అంశాల షీట్‌లో గానీ, నా 36 అంశాల షీట్‌లో గానీ ఈ సంగతి పట్టుకునే అంశం లేదు. స్తంభాన్ని 600కు జరిపి, నేలకు బిగించి, దాని అంచు వెంబడి గీత గీయించాను.

చివరిది తాళం. లోపలికి వెళ్లే ప్రతి మనిషి గేటు హ్యాస్ప్‌కు (తాళాలు తగిలించే కొక్కేనికి) తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్లాలి. ఫిక్చర్ దగ్గర చెయ్యి పెట్టే పని అయితే గాలి వాల్వు కట్టి, గేజి సున్నాకు వచ్చిందని చూడాలి. ఎమర్జెన్సీ బటన్ నొక్కినా ఆ సెల్‌లో క్లాంపుల గాలి పోదు, వేలు నలగడానికి అది చాలు. వైరు అతుక్కుంటే రెండు నిమిషాల పనికి తాళమా అని మొదట్లో అన్నారు. ఆ రాత్రి లోపలికి వెళ్లినతనే వాళ్లకు సమాధానం చెప్పాడు, నేను కలగజేసుకోలేదు.

చెక్ చేసేది ఇద్దరు. ఒకరు గేటు తీస్తే, ఇంకొకరు కంట్రోలర్ దగ్గర సర్వో పోయిందో లేదో చూసి గట్టిగా చెప్పాలి. వెనక గేటు దగ్గర నిలబడిన మనిషికి కంట్రోలర్ కనపడదు కాబట్టి ఇలా పెట్టాను. ఇద్దరూ కలిసి చేసే పనిని చేయకుండా రాయడం కష్టమన్నది తర్వాత అర్థమైన లాభం.

అంకెలు

టిక్కులు తీసేసి, అంకె రాయగలిగిన చోట అంకె పెట్టాను. షీల్డింగ్ గ్యాస్ (అతుకుకు గాలి తగలకుండా కాపాడేది) నిమిషానికి ఎన్ని లీటర్లు. టార్చ్ కొనకు, స్థిరంగా బిగించిన సూదికి మధ్య ఎన్ని మిల్లీమీటర్ల తేడా. వేసవిలో షెడ్డు బయట 44 డిగ్రీలు దాటుతుంది, గ్రైండింగ్ దుమ్ము ఫిల్టర్‌ను కమ్మేస్తుంది, కాబట్టి కంట్రోలర్ లోపలి ఉష్ణోగ్రత కూడా.

వీటికంటే ముఖ్యమైనది, సర్వో తీసినప్పుడు రోబో చెయ్యి కిందికి పడకుండా పట్టి ఉంచే బ్రేకు. రోబోను రోజూ ఒకే భంగిమలో నిలబెట్టి, సర్వో తీసి, పక్కన బిగించిన స్టీల్ స్కేలు మీద టార్చ్ కొన ఒక నిమిషంలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగిందో కంచె బయటి నుంచి చూసి రాయాలి. మొదటి నెలంతా 1, 1, 1. "రోజూ ఒకటే వస్తది, రాసుడెందుకు సార్?" అని అడిగారు. రోజూ ఒకటే రావాలి కాబట్టే రాయమన్నాను. ఆరో వారంలో 2 వచ్చింది. తర్వాత 2, 3, 3. ఐదు వచ్చిన రోజు పెద్ద ఆపరేటర్ తనే ఫోన్ చేశాడు. మూడో యాక్సిస్ బ్రేకు అరిగిపోయింది. బ్రేకు మోటారుతో కలిసే ఉంటుంది కాబట్టి మోటారు మార్పించారు. టిక్ పెట్టే షీట్ అయితే 1కీ 5కీ ఒకే టిక్ పడేది. బ్రేకు పూర్తిగా పోయేది ఎవరో రోబో చెయ్యి కింద వంగి ఉన్నప్పుడు.

ఆపే హక్కు

పద్ధతి నిలబడుతుందో లేదో తేల్చిన రోజు యాసంగి ముందు వచ్చింది. లోడ్ ఎక్కించుకోవాల్సిన లారీ ఉదయం నుంచి గేటు దగ్గరే ఉంది. షిఫ్టు మొదట్లో లైట్ కర్టెన్ పరీక్షిస్తుంటే, రాడ్ కింది భాగంలోకి వచ్చేసరికి లైటు మళ్లీ పచ్చగా మారింది. కుర్ర ఆపరేటర్ సెల్ ఆపేశాడు. సూపర్‌వైజర్ "పైన పనిచేస్తుంది కదా, ఈ ఒక్క లోడు పోనీ" అన్నాడు. అతను "కాదు సార్" అని షీట్‌లో రాసి, తన తాళం గేటుకు వేసి నాకు ఫోన్ చేశాడు.

కర్టెన్ పక్కన కొత్తగా ఏమైనా పెట్టారా అని అడిగాను. ముందు రోజు రాత్రి మెరిసే గాల్వనైజ్డ్ షీట్ల కట్ట ఒకటి స్తంభానికి ఆనించారు. కాంతి ఆ షీటు మీద పడి, రాడ్ పక్క నుంచి తిరిగి రిసీవర్‌కు చేరుతోంది. అడ్డం వచ్చిన రాడ్‌ను కర్టెన్ గుర్తించట్లేదు. రేపు ఒక లోడర్ కాలు కూడా అలాగే గుర్తించకపోవచ్చు. కట్ట జరిపించి మళ్లీ పై నుంచి కింది దాకా పరీక్షిస్తే సరిగ్గా వచ్చింది. మొత్తం పాతిక నిమిషాలు పోయింది.

మర్నాడు యజమాని ఆ షీట్ తెప్పించుకుని, ఆపరేటర్ రాసిన వరుస కింద "ఆపడం సరైనదే" అని రాసి సంతకం పెట్టి, నోటీస్ బోర్డుకు అంటించాడు. జీతం కోత మెమో ఆ రోజే బోర్డు నుంచి దిగింది. ఆ తర్వాత నెలలో షీట్లలో రాసిన లోపాలు పెరిగాయి. యజమాని కంగారుపడ్డాడు. లోపాలు పెరగలేదు, రాయడం పెరిగిందని చెప్పి పాత షీట్లు పక్కన పెట్టి చూపించాను.

నేను మార్చుకున్నవి, ఇంకా తేలనివి

ఇప్పుడు ఏ సెల్‌కు వెళ్లినా మొదట చెక్‌షీట్ అడగను. గేట్లన్నీ ఒక్కొక్కటిగా తీసి చూస్తాను. తర్వాత అలారం లాగ్ అడుగుతాను. ఏ రక్షణ పరికరం ఎక్కువసార్లు ట్రిప్ అయిందో, బైపాస్ కోసం మొదట అక్కడ వెతుకుతాను. ఒకప్పుడు తరచుగా ట్రిప్ అయిన పరికరం ఉన్నట్టుండి పూర్తిగా నిశ్శబ్దమైపోతే ఇంకా జాగ్రత్తగా చూస్తాను. ఈ కేసులో వెనక గేటు ట్రిప్పులు ఫిబ్రవరి చివర్లో ఒక్క రోజులో సున్నాకు పడ్డాయి. లాగ్‌లో అది స్పష్టంగా ఉంది. ఎవరూ దాన్ని ప్రశ్నగా చూడలేదు.

చెక్ నిజంగా జరుగుతోందా అని తెలుసుకోవడానికి, కావాలని ఒక లోపం పెట్టి చూడమని కొందరు సలహా ఇచ్చారు. రక్షణ పరికరాల మీద అలా చేయడానికి నేను ఒప్పుకోను. పెట్టినవాడు తీయడం మరిచిపోతే అది నిజమైన లోపమే. దానికి బదులు సూపర్‌వైజర్ వారానికోసారి పసుపు గీత పక్కనో, టెస్ట్ రాడ్ వెనకనో చిన్న ఎర్ర స్టిక్కర్ అంటిస్తాడు. కనపడితే షీట్‌లో రాయాలి. ఇప్పటిదాకా రెండుసార్లు రాయలేదు. రెండూ రెండో షిఫ్టులోనే.

మేడారం జాతర వారంలో సగం మంది సెలవులో ఉంటారు, లోడర్లుగా కొత్తవాళ్లు వస్తారు. మొన్నటి జాతరకు ముందు, కొత్త లోడర్ మొదటి రోజు చెక్‌లో కంట్రోలర్ దగ్గర నిలబడి చూసేవాడిగా మాత్రమే ఉండాలని నియమం పెట్టాం. అది బాగానే నడిచింది. ఆదివారం మెయింటెనెన్స్‌కు మాత్రం నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. ఆ రోజు ఫిట్టర్ ఒక్కడే వస్తాడు. ఇద్దరు చేయాల్సిన చెక్‌ను వాచ్‌మన్‌ను పిలిచి చేస్తున్నాడు. వాచ్‌మన్ సర్వో లైటు చూసి చెప్పగలడు కానీ, లోపల ఏదైనా తేడా వస్తే ఏ బటన్ నొక్కాలో అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే వచ్చే నెల వెళ్లినప్పుడు మొదటి గంట వాచ్‌మన్‌కే కేటాయించాను.